వాస్కోడిగామాకీ రొనాల్డోకీ మధ్య పోర్చుగల్

మన హైస్కూలు పిల్లల్ని పోర్చుగల్ గురించి అడిగితే సాధారణంగా రెండు పేర్లు వస్తాయి. ఒకటి వాస్కోడిగామా, సోషల్ పుస్తకం పుణ్యాన. రెండోది క్రిస్టియానో రొనాల్డో, ఫోన్ పుణ్యాన. మొదటాయన కాలికట్ చేరింది 1498లో, రెండో ఆయన పుట్టింది 1985లో. మధ్యలో దాదాపు ఐదు వందల ఏళ్లు ఖాళీ. ఆ ఖాళీని నింపమని ప్రాజెక్టు వర్కు ఇస్తే చార్టు మీదికి వచ్చేవి మనకు తెలిసినవే: రాజధాని లిస్బన్, కరెన్సీ యూరో, ఎరుపు ఆకుపచ్చ జెండా, నాలుగు కట్టడాల కలర్ ప్రింట్లు, చుట్టూ స్కెచ్ పెన్ను బోర్డరు. మార్కులు పడతాయి కానీ దేశం మాత్రం అర్థం కాదు.

దీనికి ఒక చిన్న మార్పు చాలు. అతికించిన ప్రతి ఫొటో కింద ఒకే ప్రశ్న రాయాలి: దీని ఖర్చు ఎవరిది? పోర్చుగల్ విషయంలో ఈ ప్రశ్న పనిచేసినట్టు ఇంకే ప్రశ్నా పనిచేయదు. ఎందుకంటే ఇది చిన్న దేశం. విస్తీర్ణం సుమారు 92 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే చిన్నది. జనాభా ఇప్పటికీ కోటి పైచిలుకే. అలాంటి దేశం ఒకప్పుడు బ్రెజిల్ నుంచి మకావు దాకా జెండా పాతింది. అంత డబ్బు సొంత పొలంలో పండదు.

పైగా పోర్చుగల్‌ను చూడటానికి మనం మరీ దూరం వెళ్లక్కర్లేదు. అల్మారా, బాల్చీ, తువాలు, పీపా, మేస్త్రీ, పాదిరి, అనాస, ఇవన్నీ పోర్చుగీసు నుంచి మన నోటికి ఎక్కిన మాటలే. చొక్కా బొత్తాం ఆ భాషదే, అది దూరే కాజా కూడా ఆ భాషదే. కాజాకు మూలమైన పోర్చుగీసు మాట ‘కాజ’కు అసలు అర్థం ఇల్లు. బొత్తానికి ఇల్లు అన్నమాట. సబ్బు కూడా ఆ లెక్కలోదేనని కొందరు, కాదు అరబ్బీదని కొందరు అంటారు. ఆ తగువు భాషా శాస్త్రవేత్తలకు వదిలేద్దాం.

సోమవారం లేని భాష

దేశం పేరు పోర్తో నగరం నుంచి వచ్చింది. రోమన్లు అక్కడి రేవును పోర్తుస్ కాలె అనేవారు. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి ముస్లిం సైన్యాలు వచ్చి, స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పంలో ఎక్కువ భాగాన్ని గెలుచుకున్నాయి. ఉత్తరాన మిగిలిన చిన్న క్రైస్తవ సంస్థానాల్లో ఒకదాని నాయకుడు అఫొన్సో ఎన్రికెస్ 1139లో తనను తాను రాజుగా ప్రకటించుకున్నాడు. 1147లో లిస్బన్ తీసుకున్నాడు. 1249 నాటికి దక్షిణ కొస అల్గార్వ్ కూడా చేతికొచ్చింది. స్పెయిన్ వైపు సరిహద్దు 1297 ఒప్పందంలో గీసిందే ఈ రోజుకీ దాదాపు అలాగే ఉంది. యూరప్‌లో ఇంత పాత సరిహద్దులు అరుదు. గిమరాయిష్ ఊళ్లో పాత గోడ మీద పెద్ద అక్షరాలతో ‘పోర్చుగల్ ఇక్కడ పుట్టింది’ అని రాసి ఉంటుంది. ఫొటోలు దిగడానికి ఎప్పుడూ జనం ఉంటారు.

ఐదు వందల ఏళ్లకు పైగా సాగిన అరబ్బుల ఉనికి భాషలో ఉండిపోయింది. అల్గార్వ్ అంటే అరబ్బీలో ‘పడమర’. లిస్బన్‌లోని పాత పేట అల్ఫామా పేరు వేడినీటి బుగ్గల నుంచి వచ్చింది. గోడలకు అతికించే నీలం రంగు పలకలను అజులేజు అంటారు. అది నీలానికి పర్యాయపదం అనుకుంటారు గానీ, నునుపు చేసిన రాయి అనే అర్థమున్న అరబ్బీ మాట అది.

క్లాసులో పిల్లలకు బాగా నచ్చే విషయం మాత్రం వారాల పేర్లు. మన సోమవారం చంద్రుడిది. స్పానిష్‌లో లూనెస్, ఫ్రెంచ్‌లో లుండి కూడా చంద్రుడి పేరే. వేల మైళ్ల దూరంలో ఉన్నా లెక్క ఒకటే. పోర్చుగీసులో అలా కాదు. సోమవారం ‘రెండోది’, మంగళవారం ‘మూడోది’, శుక్రవారం ‘ఆరోది’. వారాలకు అన్యదేవతల పేర్లేమిటని ఆరో శతాబ్దపు బ్రాగా బిషప్ మార్టిన్ పట్టుబట్టాడని, అందుకే అంకెలు వచ్చాయని చెబుతారు. అక్కడ దుకాణం తలుపు మీద 2 నుంచి 6 వరకు అని ఉంటే అది టైము కాదు, సోమవారం నుంచి శుక్రవారం అని. కొత్తవాళ్లు రెండింటికి వెళ్లి నిలబడ్డా ఆశ్చర్యం లేదు.

బెలెంలో ఒక ఖడ్గమృగం

లిస్బన్‌కు పడమరగా, తేజో నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో బెలెం ఉంది. ఓడలు బయలుదేరిన చోటు ఇదే. ఇక్కడ రెండు కట్టడాలు ప్రతి చార్టులోనూ ఉంటాయి: జెరోనిమోస్ మఠం, బెలెం బురుజు. రెండింటినీ కలిపి యునెస్కో 1983లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మఠం పని 1501 ప్రాంతంలో మొదలై దాదాపు వందేళ్లు సాగింది. స్తంభాలను దగ్గరగా చూస్తే రాతిలో మోకులు కనిపిస్తాయి. పేనిన తాళ్లు, ముళ్లు, పగడపు కొమ్మలు, నావికులు వాడే గోళాకార యంత్రాలు, అన్నీ సున్నపురాతిలో చెక్కారు. చర్చిలోకి వెళ్తున్నామో ఓడరేవులోకి వెళ్తున్నామో తెలియదు. అప్పటి రాజు మాన్యుయెల్ పేరు మీద ఈ శైలిని మాన్యుయెలిన్ అంటారు. ఇక మన ప్రశ్న. ఆఫ్రికా, తూర్పు దేశాల నుంచి వచ్చే సరుకు మీద వేసిన ఐదు శాతం పన్నుతో దీన్ని కట్టారు. ఆ మోకులు ఊరికే అలంకారానికి చెక్కినవి కావు, కట్టడమే తన రసీదు తన మీద చెక్కుకుంది. లోపల వాస్కోడిగామా సమాధి ఉంది. ఆయన చనిపోయింది ఇక్కడ కాదు, 1524 డిసెంబరులో మన కొచ్చిలో. తర్వాత ఎముకలు తీసుకెళ్లారు.

బురుజు 1514-1519 మధ్య కట్టారు. ఒక మూలన, చిన్న గుమ్మటం కింద అరిగిపోయిన రాతి తల ఒకటుంది. అది ఖడ్గమృగం తల. గైడు చూపిస్తే తప్ప కనపడదు. కానీ మొత్తం బురుజు కంటే ఆ తల కథే ఎక్కువ చెబుతుంది.

పోర్చుగీసు గవర్నర్ అల్బుకెర్క్‌కు గుజరాత్ తీరంలో డయ్యూ దగ్గర కోట కావాలి. సుల్తాన్ రెండో ముజఫర్ షా దగ్గరికి 1514లో రాయబారులు వెళ్లారు. సుల్తాన్ కోటకు చోటివ్వలేదు, మర్యాదకు ఒక ఖడ్గమృగాన్ని ఇచ్చి పంపాడు. దాన్ని గోవాలో ఉంచుకుని ఏం చేసుకోవాలో తోచక అల్బుకెర్క్ రాజుగారికి పంపించేశాడు. 1515 జనవరిలో ఓడెక్కిన ఆ జంతువు మే 20న లిస్బన్‌లో దిగింది. రోమన్ల కాలం తర్వాత యూరప్ నేల మీద బతికున్న ఖడ్గమృగం అదే మొదటిదంటారు. దాని పేరు కూడా గండా అనే రాసుకున్నారు. గండకం అన్న సంస్కృత పదం తెలిసినవాళ్లకు ఆ పేరు ఎక్కడిదో చెప్పక్కర్లేదు. ఏనుగుకూ ఖడ్గమృగానికీ పుట్టు వైరమని పాత రోమన్ పుస్తకాల్లో ఉంది కదా, నిజమో కాదో చూద్దామని రాజుకు సరదా పుట్టింది. జూన్ 3న రెండింటినీ ఎదురెదురుగా వదిలారు. ఏనుగు పిల్ల పారిపోయింది.

ఆ తర్వాత రాజు దాన్ని పోప్‌కు కానుకగా పంపాడు. ఇటలీ తీరంలో తుఫానుకు ఓడ మునిగింది. కాళ్లకు గొలుసులున్న జంతువు ఈదలేకపోయింది. ఈలోగా దాని గురించి వెళ్లిన ఒక ఉత్తరం, ఒక స్కెచ్ ఆధారంగా జర్మనీలో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ చెక్కమీద బొమ్మ చెక్కి అచ్చేశాడు. ఆయన ఖడ్గమృగాన్ని ఎప్పుడూ చూడలేదు. ఒంటి మీద కవచాలు బిగించాడు, వీపు మీద లేని చిన్న కొమ్ము ఒకటి పెట్టాడు. యూరప్ పుస్తకాలు రెండు వందల ఏళ్లకు పైగా ఆ బొమ్మనే అసలు ఖడ్గమృగంగా అచ్చేసుకున్నాయి. తూర్పు దేశాల గురించి యూరప్‌కు తెలిసిన చాలా విషయాలు ఇలా చేరినవే. కొంత చూసింది, కొంత విన్నది, మిగతాది వీపు మీద కొమ్ము.

గుర్రం తోకకూ డబ్బు

అయితే పోర్చుగీసులు మన గురించి రాసినవన్నీ అలాంటివి కావు. శ్రీకృష్ణదేవరాయలు ఎలా ఉండేవాడని అడిగితే తెలుగువాళ్లం ముందు తిరుమలలోని విగ్రహాన్ని తలుచుకుంటాం. మనిషి వర్ణన కావాలంటే మాత్రం డొమింగో పేస్ దగ్గరికి వెళ్లాల్సిందే. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన ఈ పోర్చుగీసు యాత్రికుడు, రాయలు మధ్యరకం ఎత్తు మనిషని, కాస్త బొద్దుగా ఉంటాడని, ముఖం మీద మశూచి మచ్చలున్నాయని రాశాడు. తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, ఆ నూనెంతా చెమటగా పోయేదాకా కసరత్తు చేసేవాడని కూడా రాశాడు. మన ప్రబంధాల్లో రాజుకు చంద్రుడితో పోలికలు దొరుకుతాయి. మశూచి మచ్చలు మాత్రం పోర్చుగీసులోనే దొరికాయి. ఆ రాతప్రతులు పారిస్‌లో బయటపడ్డాయి. 1897లో లిస్బన్‌లో అచ్చయ్యాయి, 1900లో మద్రాసు ఐసీఎస్ అధికారి రాబర్ట్ సూయెల్ వాటిని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. హంపీ గురించి ఇప్పుడు మనం చెప్పుకునే కబుర్లలో సగం ఆ దారిన వచ్చినవే.

పోర్చుగీసులు అక్కడ ఏం చేస్తున్నారంటే, గుర్రాల వ్యాపారం. అరేబియా, హోర్ముజ్ గుర్రాలు గోవాలో దిగి విజయనగరం చేరేవి. పేస్ తర్వాత పదిహేనేళ్లకు వచ్చిన న్యూనిజ్ స్వయంగా గుర్రాల వ్యాపారి. ఏటా 13,000 గుర్రాలు కొనేవారని అతని లెక్క. అంతకు ముందు సాళువ నరసింహుడి కాలంలో జరిగిన బేరం గురించి అతను రాసింది ఇంకా బాగుంటుంది. వెయ్యి వరహాలకు మూడు గుర్రాలు. బతికున్నా, చచ్చినా అదే ధర. సముద్రంలో చచ్చినదానికి తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, డబ్బు ఇచ్చేసేవారట. సుల్తానుల అశ్వబలానికి ఎదురు నిలవాలంటే గుర్రం తప్పనిసరి, గుర్రం కావాలంటే సముద్రం తప్పనిసరి. ఆ అవసరాన్ని పట్టుకునే గోవా బతికింది. ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం మన వైపు నుంచే వస్తుంది: తుంగభద్ర, కృష్ణా పొలాల శిస్తు.

ఇక వాళ్లు ఇచ్చిందేమిటంటే మిరపకాయ. మిరియాల కోసం ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చినవాళ్లు, అమెరికా ఖండం నుంచి మిరపను తెచ్చి ఇక్కడ వదిలారు. మిరియానికి బదులు వచ్చింది కాబట్టే మనం దానికి మిరప అని పేరు పెట్టుకున్నాం. 1503లో కన్నుమూసిన అన్నమయ్య మిరపకాయ రుచి చూసి ఉండడు. జీడిమామిడి, బొప్పాయి, పొగాకు కూడా అదే దారిన వచ్చాయి. పలాస జీడిపప్పు, గుంటూరు మిర్చి యార్డు, ప్రకాశం జిల్లా పొగాకు వేలం కేంద్రాలు, మూడింటి వెనుకా ఏదో ఒక ఓడ ఉంది.

అదే ఓడల్లో మనుషుల్ని కూడా వేసుకెళ్లారు. దీన్ని పిల్లలకు చెప్పకుండా దాటేయకూడదు. 1444లో అల్గార్వ్‌లోని లాగోస్ రేవులో 235 మంది ఆఫ్రికన్లను దించి, తల్లుల్ని ఒకవైపు పిల్లల్ని ఒకవైపు విడదీసి పంచుకున్నారు. ఆ రోజు జరిగింది రాజాస్థాన చరిత్రకారుడు జురారా రాసిపెట్టాడు. తర్వాతి శతాబ్దాల్లో పోర్చుగీసు, బ్రెజిల్ ఓడలు అట్లాంటిక్ దాటించిన బానిసల సంఖ్య 50 లక్షలు పైమాటే. వేరే ఏ దేశపు ఓడలూ అంతమందిని మోయలేదు. 2009లో లాగోస్‌లో భూగర్భ పార్కింగ్ కోసం తవ్వుతుంటే 150 మందికి పైగా ఆఫ్రికన్ల అస్థిపంజరాలు బయటపడ్డాయి. పాత చెత్తకుప్పలో పడేసినవి అవి. గోవాలో 1560 నుంచి 1812 దాకా, మధ్యలో కొద్ది విరామంతో, మతం తప్పారని జనాన్ని శిక్షించే మతవిచారణ కోర్టు నడిచింది. ఇవన్నీ జెరోనిమోస్ మఠం ఫొటో పక్కనే ఉండాల్సిన విషయాలు.

ఆరు నిమిషాల్లో పోయిన నగరం

1578లో రాజు సెబాస్తియావ్ 24 ఏళ్ల వయసులో మొరాకో మీదికి యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. వారసుడు లేడు. రెండేళ్లకు దేశం స్పెయిన్ రాజు కిందికి వెళ్లింది. 1640 డిసెంబరు 1న తిరుగుబాటు చేసి బయటపడ్డారు, ఆ రోజు ఇప్పటికీ సెలవు. పోయిన రాజు ఏదో ఒక మంచు పొద్దున తిరిగొస్తాడని జనం తరాల పాటు నమ్మారు. 17వ శతాబ్దం చివర్లో బ్రెజిల్‌లో బంగారం దొరికింది. ఆ డబ్బుతో మాఫ్రాలో ఊరంత రాజభవనం లేచింది. ఖర్చు ఎవరిదంటే, గనుల్లో బానిసలది.

1755 నవంబరు 1 ఉదయం. పునీతులందరి పండుగ. చర్చిలు కిటకిటలాడుతున్నాయి, ప్రతి పీఠం ముందూ కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. తొమ్మిదిన్నర దాటాక భూమి కదిలింది. విరామాలతో కలిపి ఆరు నిమిషాలకు పైగా ఆగలేదని బతికినవాళ్లు చెప్పారు. కూలే గోడలకు దూరంగా పోదామని జనం నది ఒడ్డుకు పరుగెత్తారు. అక్కడ నీళ్లు వెనక్కి వెళ్లి అడుగు నేల తేలింది. 2004 డిసెంబరు తర్వాత మన కోస్తాలో ఈ దృశ్యం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దాదాపు 40 నిమిషాల్లో అల వచ్చింది. పడిపోయిన కొవ్వొత్తుల నుంచి, వంటింటి పొయ్యిల నుంచి లేచిన మంటలు ఐదారు రోజులు కాల్చాయి. చనిపోయినవాళ్ల సంఖ్య 30 వేల నుంచి 60 వేల దాకా రకరకాలుగా చెబుతారు. రాజభవనం, అందులోని గ్రంథాలయం, ఆ ఏడాదే తెరిచిన ఒపేరా హౌస్ అన్నీ పోయాయి. చర్చిల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా చనిపోయారు, పేదలుండే అల్ఫామా కొండ చాలావరకు నిలిచింది. దేవుడి న్యాయం ఇదేనా అని యూరప్ మేధావులు కొన్నేళ్లు తలలు పట్టుకున్నారు.

రాజు జోసె ఆ రోజు ఊరి బయట బెలెంలో ఉండి బతికాడు. ఆ తర్వాత రాతి కప్పు కింద నిద్రపోవాలంటే ఆయనకు భయం. ముందు గుడారాల్లో, తర్వాత చెక్కతో కట్టిన భవనంలో 1777లో చనిపోయేదాకా ఉన్నాడు. పని మొత్తం మంత్రి మీద పడింది. తర్వాత పొంబాల్ మార్క్విస్ అని బిరుదు పొందిన మనిషి ఆయనే. శవాల్ని చర్చి ఒప్పుకోలుతో పడవల్లో తీసుకెళ్లి సముద్రంలో వేయించాడు, దొంగల్ని ఉరితీయించాడు, ధాన్యం ధర పెరగకుండా చూశాడు. తర్వాత ప్రతి పారిష్‌కూ, అంటే ఒక్కో చర్చి పరిధికీ, ప్రశ్నల జాబితా పంపాడు. ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు ఉంది, ఏ దిక్కు నుంచి వచ్చినట్టు అనిపించింది, సముద్రం ముందు తగ్గిందా పెరిగిందా, ఎంతమంది చనిపోయారు? ఆ జవాబులు లిస్బన్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి. భూకంపాన్ని శిక్షగా కాకుండా సంఘటనగా చూసి అడిగిన ప్రశ్నలివి. భూకంప శాస్త్రం మొదలు ఇక్కడే అనేవాళ్ల వాదనలో బలముంది. పొంబాల్ మెత్తటి మనిషేమీ కాదు. తనకు గిట్టని తావోరా వంశాన్ని 1759లో దారుణంగా చంపించాడు. అది కూడా పక్కనే చెప్పుకోవాలి.

కొత్త లిస్బన్ దిగువ పేటను బైషా అంటారు. తిన్నని వీధులు, ఒకే ఎత్తు ఇళ్లు. దిగుమతుల మీద వ్యాపారులు ఒప్పుకున్న 4 శాతం చందా దీని ఖర్చులో పెద్ద భాగం. ఈసారి మోకులు, పగడాలు లేవు. అసలు పనితనం గోడ లోపల ఉంది. ముందు చెక్కతో పంజరం కట్టి, ప్రతి గడినీ రెండు అడ్డకర్రలతో ఇంటూ గుర్తులా బిగించి, ఆ మీద రాయి, సున్నం నింపేవారు. గోడ పగిలినా పంజరం ఊగి నిలబడాలి. నమూనా కట్టి, చుట్టూ సైనికుల్ని బలంగా అడుగులేయించి పరీక్షించారని చెబుతారు. పేరు కూడా పంజరమే: గయోల. వీధులకు కంసాలి వీధి, వెండి వీధి, చెప్పులు కుట్టేవాళ్ల వీధి అని వృత్తుల వారీగా పేర్లు పెట్టారు. ఒక్క కట్టడాన్ని మాత్రం పూర్తిగా బాగుచేయలేదు. కార్మో మఠం చర్చికి ఈ రోజుకీ కప్పు లేదు. స్తంభాల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తుంది. ఈ కార్మో పేరు కాస్త గుర్తుంచుకోవాలి.

తుపాకీ గొట్టంలో పువ్వు

1910లో రాచరికం పోయింది. 1932లో ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ సలజార్ ప్రధాని అయ్యాడు, 1968లో కుర్చీ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలేదాకా దిగలేదు. సెన్సారు, రహస్య పోలీసులు, పేదరికం. 1970లో కూడా దేశంలో దాదాపు నాలుగో వంతు మందికి చదువు రాదు. బెలెం రేవులో ఇప్పుడు టూరిస్టులు సెల్ఫీలు దిగే పెద్ద నావికుల స్మారకం ఆ పాత కాలపుది కాదు. 1940లో ఎగ్జిబిషన్ కోసం తాత్కాలికంగా నిలబెట్టి, 1960లో పర్మనెంట్‌గా కట్టినది. సాహసికుల జాతి మనది అని జనానికి రోజూ గుర్తు చేయాల్సిన అవసరం సలజార్‌కు ఉంది. ఫొటో కింద తేదీ రాయకపోతే పిల్లలు దాన్ని వాస్కోడిగామా ఖాతాలో వేసేస్తారు.

1961 డిసెంబరులో భారత సైన్యం గోవాలోకి వెళ్లింది. చివరి మనిషి దాకా పోరాడమని సలజార్ హుకుం. గవర్నర్ వాసాలో ఇ సిల్వా లెక్క చూసుకుని లొంగిపోయాడు. అందుకు ఆయన్ని సైన్యం నుంచి వెళ్లగొట్టారు. అదే ఏడాది ఆఫ్రికా కాలనీ అంగోలాలో మొదలైన స్వాతంత్ర్య యుద్ధం మిగతా కాలనీలు గినీ, మొజాంబిక్‌లకు పాకి 13 ఏళ్లు సాగింది. యుద్ధానికి పోలేక, ఇంట్లో తిండిలేక లక్షల మంది ఫ్రాన్సుకు వలసపోయారు. దొంగచాటుగా కొండలు దాటినవాళ్లే ఎక్కువ. ఆ కాలంలోనే పోర్చుగల్‌కు ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చినవాడు యుసేబియో. 1966 ప్రపంచ కప్‌లో తొమ్మిది గోల్స్ కొట్టిన ఆయన పుట్టింది మొజాంబిక్‌లో.

యుద్ధంతో విసిగింది చివరికి సైన్యమే. 1974 ఏప్రిల్ 24 రాత్రి 10 గంటల 55 నిమిషాలకు రేడియోలో ఒక పాట వచ్చింది. సిద్ధంగా ఉండమని గుర్తు. అర్ధరాత్రి దాటాక 12.20కి, ప్రభుత్వానికి గిట్టని గాయకుడు జోసె అఫొన్సో పాట వచ్చింది. అది బయలుదేరమని గుర్తు. తెల్లారేసరికి ట్యాంకులు లిస్బన్‌లో ఉన్నాయి. ఇళ్లలోనే ఉండమని రేడియో చెబుతున్నా జనం వీధుల్లోకి వచ్చేశారు.

ఆ రోజు ఒక రెస్టారెంట్‌కు మొదటి వార్షికోత్సవం. కస్టమర్లకు ఇద్దామని కార్నేషన్ పూలు తెప్పించారు. తిరుగుబాటు వల్ల తెరవలేదు, పూలు ఇళ్లకు పట్టుకుపొమ్మని పనివాళ్లకు ఇచ్చేశారు. అక్కడ పనిచేసే సెలెస్త్ కైరో పూలు పట్టుకుని వస్తుంటే ఒక సైనికుడు సిగరెట్ అడిగాడు. ఆమె దగ్గర సిగరెట్ లేదు, పువ్వు ఇచ్చింది. అతను దాన్ని తుపాకీ గొట్టంలో గుచ్చుకున్నాడు. పక్కవాళ్లూ అడిగారు. కాసేపటికి పూల దుకాణాల వాళ్లు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటి ప్రధాని కైతానో వెళ్లి దాక్కున్న చోటు కార్మో బ్యారక్‌లు, కప్పులేని ఆ చర్చి పక్కనే. కెప్టెన్ సల్గైరో మాయా దాన్ని చుట్టుముట్టాడు, సాయంత్రానికి ప్రభుత్వం లొంగిపోయింది. రహస్య పోలీసులు తమ ఆఫీసు కిటికీల నుంచి కాల్చినప్పుడు నలుగురు పౌరులు చనిపోయారు. తేజో నది మీద 1966లో సలజార్ పేరుతో తెరిచిన వంతెనకు ఇప్పుడు ‘25 ఏప్రిల్’ అని పేరు.

ఏడాదిన్నరలో ఆఫ్రికా కాలనీలన్నీ స్వతంత్రమయ్యాయి. అక్కడి నుంచి దాదాపు ఐదు లక్షల మంది పెట్టెలతో తిరిగొచ్చారు. 1974 చివరి రోజున గోవా మీద భారత్ హక్కును పోర్చుగల్ ఒప్పుకుంది. గోవా మూలాలున్న రచయిత కొడుకు ఆంటోనియో కోస్టా 2015లో ఆ దేశానికి ప్రధాని అయ్యాడు. 2017లో బెంగళూరు వచ్చినప్పుడు మన ప్రభుత్వం ఆయనకు ఓసీఐ కార్డు, అంటే విదేశాల్లోని భారత సంతతివాళ్లకిచ్చే కార్డు, ఇచ్చింది.

ఉప్పుచేప, తులసి, బెండు

పోర్చుగీసులకు ఇష్టమైన చేప వాళ్ల సముద్రంలో దొరకదు. బకల్యావ్ అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేప. న్యూఫౌండ్‌లాండ్ దాకా పోయి పట్టుకొచ్చేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా నార్వే నుంచి కొంటున్నారు. పలకలా గట్టిగా ఉండే ఆ ముక్కను ఒకటి రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. రోజుకొకటి చొప్పున ఏడాదంతా వండేన్ని రకాలున్నాయని గొప్ప చెప్పుకుంటారు. ఎండుచేపల కూర తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు, వాసన గురించిన జోకులతో సహా.

ఫాడో పాట గురించి చాలా రాస్తారు, దిగులు, సముద్రం, ఎడబాటు అని. వినడమే మేలు. అది లిస్బన్ పేద పేటల్లో పుట్టింది, 12 తీగల గిటారు తోడుగా. 1999లో అమాలియా రొడ్రిగెస్ చనిపోతే దేశం మూడు రోజులు సంతాపం పాటించింది. జూన్ 12 రాత్రి ఇదే పేటల్లో సంత్ ఆంటోనీ పండుగ. ఇరుకు సందుల్లో పొయ్యిలు పెట్టి సార్డైన్ చేపలు కాలుస్తారు, పొగతో కళ్లు మండుతాయి. ప్రేమించిన అమ్మాయికి అబ్బాయి చిన్న కుండీ ఇస్తాడు. అందులో తులసి జాతి మొక్క, మీద ఒక కాగితం పువ్వు, చిన్న జెండాకు నాలుగు పంక్తుల పద్యం. ఆ మొక్కను ముక్కుతో వాసన చూడకూడదట, వాడిపోతుందట. అరచేతితో నిమిరి, చేతిని వాసన చూసుకోవాలి.

ఇంత తిరిగాక, ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం పోర్చుగల్ లోపలే దొరికే వస్తువు ఒకటుంది: సీసా బెండు. ప్రపంచంలో దొరికే బెండులో దాదాపు సగం ఇక్కడిదే, ఎక్కువ భాగం దక్షిణాన అలెంతేజో మైదానాల్లోని ఓక్ చెట్లది. చెట్టును కొట్టరు, అనుమతి లేకుండా కొడితే నేరం. వేసవిలో ఇద్దరు మనుషులు గొడ్డలితో బెరడు మాత్రం పలకలుగా ఒలుస్తారు. దెబ్బ ఒక వేలు లోతు ఎక్కువ పడితే చెట్టు దెబ్బతింటుంది కాబట్టి ఇందులో చేయి తిరిగినవాళ్లకు వ్యవసాయ కూలీల్లో మంచి కూలి ఉంటుంది. నాటిన పాతికేళ్లకు గానీ మొదటి ఒలుపు రాదు, సీసాకు పనికొచ్చే బెండు మూడో ఒలుపు నుంచే. ఒలుపుకూ ఒలుపుకూ మధ్య తొమ్మిదేళ్లు. ఒలిచిన మాను ఇటుక రంగులో తడితడిగా కనిపిస్తుంది. దాని మీద తెల్ల పెయింటుతో ఆ సంవత్సరం చివరి అంకె రాస్తారు. 2025లో ఒలిచిన చెట్టు మీద 5 ఉంటుంది. దాని దగ్గరికి మళ్లీ గొడ్డలి వచ్చేది 2034లో.